పటం వెనక మసి

"అగరొత్తి వెలిగించావా, లేదా?"

"లేదు ఆంటీ. ఎన్నిసార్లు చెప్పాలె?"

"విచారణలో ఉన్నాం. నన్ను ఆంటీ అనకు."

"మరి ఏమనాలె?"

గిరిజ ఆలోచనలో పడింది. మిషిగన్ రాష్ట్రం ఆమెకిచ్చిన ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సులో ఈ సంగతి ఎక్కడా లేదు.

"సరే, ఆంటీ అనే అను. వెలిగించలేదంటావు."

"ముట్టియ్యలే. ఆ రూంల అగ్గిపుల్ల కూడ ఉండొద్దని సార్ రూల్. అన్నీ పాత టేపులు కదా."

సాయి ప్రియది జగిత్యాల. ట్రాయ్ దగ్గరి కాలేజీలో మాస్టర్స్ చేస్తోంది. కాలేజీ ఇచ్చిన పార్ట్‌టైమ్ ఉద్యోగం మీద ప్రొఫెసర్ ధర్మారావు ఇంటి పెరట్లోని గదిలో కూర్చుని, ఆయన యాభై ఏళ్ల కిందట పోర్చుగల్లో రికార్డు చేసిన ఇంటర్వ్యూ టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేది. మూడు వారాల కిందట ఆ గది తగలబడింది. మర్నాడే ఎవరో పేరు చెప్పకుండా ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేశారు. గోడ మీద సరస్వతి పటం ఉందని, దాని ముందు ఆ పిల్ల రోజూ అగరొత్తి వెలిగిస్తుందని, కాగితం పూలదండ అంటుకుని ఉంటుందని. కంపెనీ నమ్మింది. కంపెనీ నమ్మిందని కాలేజీ నమ్మింది. ఉద్యోగం పోయింది. రేపు పది గంటలకు కాలేజీ కమిటీ ముందు విచారణ. తప్పు తనదేనని తేలితే కాలేజీ ఆమె పేరు కొట్టేస్తుంది, దాంతోపాటే వీసా.

"ఆ పటం ఎక్కడిది?"

"నేనే ఇచ్చిన. బాసర నుంచి తెచ్చిన. రేకు ఫ్రేమ్, పైమూలకు చిన్న సొట్ట. సూట్‌కేస్‌ల పడ్డది. సార్ మస్తు ఖుషీ అయిండు. టేపుల ర్యాక్ మీద మేకు కొట్టి ఆయనే తగిలించిండు."

"మంటకి ముందు విశేషమేమైనా జరిగిందా? చిన్నదైనా సరే."

సాయి ప్రియ గోళ్ల వంక చూసుకుంది. "ఏం లేదు ఆంటీ. రెండు రోజుల ముందు ఒక టేపు వచ్చింది. సార్ బుక్‌ల హీరో అబెల్ ఉన్నడు కదా, ఆయన వాయిస్ లెక్కనే ఉంది. సాఫ్ట్‌వేర్ ట్రాన్స్‌లేట్ చేస్తే 'వాళ్ల పేర్లు నేనే చెప్పాను' అని వచ్చింది. ఎవరి పేర్లు అని ధర్మారావు సార్‌ని అడిగిన. నవ్విండు. సాఫ్ట్‌వేర్‌కి పోర్చుగీస్ రాదమ్మా, మిషన్‌కేం తెలుసు అన్నడు."

"ఆ ఫైల్ నీ దగ్గరుందా?"

"లేదు. అంతా ఆ రూంల కంప్యూటర్‌లనే. కాలిపోయింది." ఆ పిల్ల తలెత్తింది. "సార్‌ని ఏం అనకండి ఆంటీ. ఇంత నష్టమైనా నన్ను ఒక్క మాట అనలే. నా కోసం మిమ్మల్ని పెట్టింది కూడ సారే. ఆయన దేవుడు."

గిరిజ ఇరవై ఏళ్ల వృత్తిలో చాలామంది దేవుళ్లని చూసింది. వాళ్లలో కొందరు బెయిల్ మీద ఉన్నారు. ధర్మారావు మాస్టారిని మాత్రం ఆ జాబితాలో చేర్చాలన్న ఊహ కూడా ఇంతవరకూ రాలేదు.

ఆయన మీద ఆమెకూ భక్తి ఉంది మరి. పిల్లలు స్కూలుకి వెళ్లాక ఖాళీగా ఉన్న గిరిజ చేత మళ్లీ పుస్తకాలు పట్టించింది ఆయనే. గోవా తగువు ముగిసి భారత్, పోర్చుగల్ మళ్లీ మాటలు కలుపుకోగానే, 1975లో లండన్ నుంచి లిస్బన్‌కి పరుగెత్తిన తెలుగువాడు ఆయన. అంతకు ముందటేడే అక్కడి సైన్యంలోని కుర్ర కెప్టెన్లు నలభై ఎనిమిదేళ్ల నియంతృత్వాన్ని ఒక్క పూటలో కూల్చారు. జనం వాళ్ల తుపాకీ గొట్టాల్లో ఎర్ర కార్నేషన్ పూలు గుచ్చారు. ఆ రోజుల మీద ధర్మారావు రాసిన పుస్తకానికి నాయకుడు అబెల్ అనే ఓడల కార్మికుడు. రహస్య పోలీసులు రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా నిలబెట్టినా స్నేహితుల పేర్లు చెప్పని మనిషి. ఇప్పుడు ఎనభై దాటి మసాచుసెట్స్‌లో కూతురి దగ్గరున్నాడు. ఈ శనివారం, విప్లవం వచ్చిన ఏప్రిల్ ఇరవై అయిదునే, కాలేజీ ఆయన్ని పిలిచి సన్మానం చేయబోతోంది.

పేర్లు చెప్పని మనిషి గొంతుతో 'పేర్లు చెప్పాను' అనే టేపు. రెండు రోజుల్లో మంట.

గిరిజ కారు తాళాలు తీసుకుంది.

*

కాలిన గది గుమ్మంలో రఘువీర్ అప్పటికే ఉన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఈ కేసు చూసినవాడు. ఎనిమిదేళ్ల కిందట అదే కంపెనీలో గిరిజ కింద పని నేర్చుకున్నాడు. ఆ సంగతి గిరిజ మర్చిపోలేదు, అతను గుర్తుంచుకోలేదు.

"మేడమ్! మీరింకా రిటైర్ అవ్వలేదా?"

"నీకు నేర్పింది నీకు గుర్తొచ్చిన రోజున అవుతాను."

"ఈ ఫైల్ క్లోజ్ అయింది మేడమ్. మన ఇండియన్ ఇళ్ల ఫైర్‌లలో సగం దీపాలు, సగం పోపులు. దీనికి అగరొత్తి. సింపుల్."

"ఫోన్ చేసిందెవరు?"

"అజ్ఞాత మహిళ. తెలుగు యాస ఇంగ్లీషు. పక్కింటివాళ్లో, గుళ్లో తెలిసినవాళ్లో."

"మహిళా?" గిరిజ ఆగింది. "సరే. పటం ఎక్కడుండేది?"

రఘువీర్ పెన్నుతో మేకు చూపించాడు. ర్యాక్ ఉండిన చోటికి పైన, గోడలో వంగిన మేకు. గిరిజ టార్చి వేసింది. గోడంతా నల్లగా, ఒక్క తీరుగా మసి పట్టి ఉంది. మేకు చుట్టూ, కింద, పక్కన ఎక్కడా తేడా లేదు. చూపుడువేలితో రుద్ది చూసింది. అదే మందం.

"మీ ఆవిడ వంటింట్లో క్యాలెండర్ ఉందా రఘూ?"

"మేడమ్, ఫ్యామిలీ మేటర్స్ ఎందుకు?"

"మా ఇంట్లో ఉంది. జనవరిలో పాతది తీస్తాను. ఏడాది పోపుల పొగకి చుట్టూ గోడ చామనఛాయకి వస్తుంది, క్యాలెండర్ వెనక మాత్రం కొత్త పెళ్లికూతురిలా తెల్లగా ఉంటుంది. ఇక్కడ ఆ తెలుపేది?"

రఘువీర్ ఒక్క క్షణం మేకు వంక చూశాడు. "మంట మొదలవగానే పటం పడిపోయి ఉంటుంది. మసి తర్వాత పట్టింది."

"మంచి మాట. పడితే కింద ఉండాలిగా. గాజు కాలదు, రేకు కాలదు. ఏవీ?"

"డెబ్రీలో, ఆ కాలిన చెత్తలో ఉంటాయి."

"నువ్వు చూశావా?"

రఘువీర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అతను చూడలేదు. ఫోన్ వచ్చాక చూడాల్సిన అవసరం కనిపించలేదు.

గిరిజ కారులోంచి పెద్ద జల్లెడ తెచ్చింది. ఒకప్పుడు సున్నుండల పిండి జల్లించినది, ఉద్యోగరీత్యా బదిలీ అయింది. రఘువీర్ ఖరీదైన బూట్ల మీద బూడిద పడుతుంటే ఇద్దరూ ర్యాక్ కింది చెత్తంతా జల్లించారు. కేసెట్ల మరలు వచ్చాయి. కంప్యూటర్ పెట్టె రేకు వచ్చింది. బల్బు పెంకులు, పల్చగా, వంపు తిరిగి వచ్చాయి. పటానికి వేసే చదును గాజు ముక్క ఒక్కటీ లేదు. రేకు ఫ్రేమ్ లేదు.

"ఎవరో తీసుకెళ్లి ఉంటారు," అన్నాడు రఘువీర్. ఈసారి గొంతులో సింపుల్ లేదు.

"మంట ఆరాకా?"

"ఆరాక తీస్తే వెనక తెల్లగా ఉండాలి." ఆ మాట తనే అన్నందుకు అతని మొహం మాడింది. "అంటే ముందే తీశారు. పటం తీసేసి గదికి నిప్పు పెట్టారు! అంత పిచ్చి ఎవరికి మేడమ్?"

"పిచ్చి కాదయ్యా, భక్తి. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే జాతి మనది. గది కాల్చొచ్చు. ఒక పిల్ల బతుకు కాల్చొచ్చు. సరస్వతిని కాలిస్తే మాత్రం పాపం."

"ఆ అమ్మాయిదీ మన జాతే కదా. తనే తీసి ఉండొచ్చు."

"ఉండొచ్చు. అందుకే పటం ఎవరింట్లో ఉందో చూడాలి. నువ్వు బూట్లు దులుపుకుని రా. మాస్టారి భార్య సీతమ్మగారిది శుభ్రమైన ఇల్లు."

*

ధర్మారావు హాల్లో పడక్కుర్చీలో ఉన్నాడు. డెబ్భై ఆరేళ్ల మనిషి. తెల్లటి లాల్చీ, అంతకంటే తెల్లటి నవ్వు. రఘువీర్ కొత్త శ్రోత కాబట్టి తన లైటర్ కథ అందుకున్నాడు. గిరిజకి అది ఏడోసారి.

"పాత పోర్చుగల్లో సిగరెట్ లైటర్ వాడాలంటే సర్కారు లైసెన్స్ ఉండాలి తెలుసా? అగ్గిపెట్టెల కంపెనీ నష్టపోకూడదని. లైసెన్స్ లేనివాణ్ణి పట్టిస్తే, జరిమానాలో పట్టించినవాడికి వాటా! దేశాన్ని అలా పాడు చేశారయ్యా. పక్కవాడి జేబు వంక చూడ్డం నేర్పారు. బ్యాంకులు జాతీయం చేయొచ్చు, భూములు పంచొచ్చు, ఆ అలవాటు మాన్పించడమే కష్టం."

"మాస్టారూ, ఒక సంగతి," అంది గిరిజ. "ఈ కేసుకి నన్నే ఎందుకు పెట్టారు?"

"మీ పిన్ని పట్టుబట్టింది. పిల్ల కోసం మన వంతు ఏదో ఒకటి చేసినట్టుండాలి, గిరిజని పెట్టండి అంది." ఆయన దయగా నవ్వాడు. "గెలవాలని కాదమ్మా. నువ్వు తోడుంటే ఆ పిల్లకి ధైర్యం."

గెలవాలని కాదు. ఆ మాట గిరిజకి చీరకొంగులో సూదిలా ఎక్కడో గుచ్చుకుంది, ఎక్కడో వెంటనే దొరకలేదు.

వంటింట్లోంచి సీతమ్మ తొంగిచూసింది. చేతుల నిండా శనగపిండి.

"వచ్చావా గిరిజా? మళ్లీ హడావిడిగా వెళ్లిపోతావు, ముందే బొట్టు పెట్టుకో. నా చేతులు బాగాలేవు. పూజగదిలో కుంకుమ భరిణె ఉంది, లోపలికెళ్లి నువ్వే పెట్టుకో."

గిరిజ వెళ్లింది. పూజగది అంటే కోట్లు తగిలించే అల్మారాకి తలుపు తీసేసి, మూడు అరలు బిగించింది. పై అరలో వెంకటేశ్వరస్వామి. మధ్య అరలో లక్ష్మీదేవి. ఆమె పక్కన, తాజా చామంతి పెట్టి, రేకు ఫ్రేమ్‌లో బాసర సరస్వతి.

పైమూల చిన్న సొట్ట.

గిరిజ పటం తీసి గాజు మీద వేలితో రాసింది. వేలు శుభ్రంగా ఉంది. వెనక అట్ట శుభ్రంగా ఉంది. పొగ వాసన కూడా లేదు. బయటికి వచ్చేటప్పటికి పటం ఆమె చేతిలో ఉంది, బొట్టు మర్చిపోయింది.

"ఇది పెరటి గదిలోది కదా మాస్టారూ?"

ధర్మారావు నవ్వు చెక్కు చెదరలేదు. కళ్లు మాత్రం ఒకసారి పెరటివైపు వెళ్లొచ్చాయి.

"అదా? ఎప్పుడో లోపలికి తెచ్చేశాను. పూజగదిలో ఉంటే బాగుంటుందని."

"ఎప్పుడు?"

"గుర్తులేదమ్మా. నెలన్నర అయిందేమో."

"అయితే మంట రోజుకి గోడ మీద పటమే లేదు," అన్నాడు రఘువీర్ నెమ్మదిగా. "పటం లేకపోతే దాని ముందు అగరొత్తి లేదు. మూడు వారాల నుంచీ ఈ మాట మీరెందుకు చెప్పలేదు సార్? నా రిపోర్ట్ మీరు చదివారు. సంతకం కూడా పెట్టారు."

"ముసలివాణ్ణి నాయనా. తోచలేదు."

"తోచలేదా?" గిరిజ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "రేపు పదింటికి ఆ పిల్లని పంపించేస్తున్నారు మాస్టారూ. మీరు దేవుడని నాకు ఇవాళ కూడా చెప్పింది. సాఫ్ట్‌వేర్‌కి పోర్చుగీస్ రాదన్నారట. అబెల్ గొంతు గుర్తుపట్టడానికి పోర్చుగీస్ ఎందుకు?"

ధర్మారావు పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"జాగ్రత్తగా మాట్లాడు గిరిజా. నా గది నేను కాల్చుకున్నానంటావా? సీతా! ఒకసారి ఇలా రా."

సీతమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, భర్త కుర్చీ వెనక నిలబడింది. యాభై ఏళ్లుగా ఆమె నిలబడే చోటు అదే. ఆయన పుస్తకం మొదటి ప్రతి టైపు చేసింది కూడా ఆమేనని వెనక అట్ట మీద ఎక్కడా ఉండదు.

"ఈ సరస్వతి పటం లోపలికి వచ్చి చాలా రోజులైంది కదూ? వీళ్లకి చెప్పు."

సీతమ్మ పటం వంక చూసింది. గిరిజ వంక చూసింది.

"ఔనమ్మా. ఉగాది నుంచీ ఇక్కడే ఉంది. ఉగాది పూజ దీని ముందే చేశాను కదా."

ధర్మారావు కుర్చీలో వెనక్కి వాలాడు. రఘువీర్ నిట్టూర్చాడు. మంటకి రెండు వారాల ముందు ఉగాది. ఇంటి ఇల్లాలి సాక్ష్యం. మాస్టారిది మతిమరుపే అవుతుంది, నేరం అవదు. గదికి నిప్పు పెట్టింది ఎవరన్న ప్రశ్నకి మళ్లీ ఆ పిల్లే మిగులుతుంది.

గిరిజ సీతమ్మ వైపు తిరిగింది. ఈవిడ కూడానా? ఆదివారాలు డబ్బాలో పప్పుచారు కట్టి ఆ పిల్లకి పంపించే మనిషి!

"ఉగాదినా పిన్నిగారూ? బాగా ఆలోచించుకోండి."

"ఎందుకు గుర్తుండదమ్మా? నువ్వు కూడా వచ్చావుగా ఆ రోజు. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందన్నావు. అరలన్నీ ఎంత బాగా సర్దానో తెనాలిలో మా చెల్లెలికి పంపించాలని నీ చేతే ఫొటో తీయించాను కదూ?"

 వంటింట్లో నూనె చిటపటలాడింది.

గిరిజ ఫోన్ తీసింది. ఉగాది నాడు తీసిన ఫొటో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. మూడు అరలు. పై అరలో వెంకటేశ్వరస్వామి. మధ్య అరలో లక్ష్మీదేవి. ఆమె పక్కన పచ్చడి గిన్నె, మామిడాకులు. సరస్వతి లేదు.

ఫోన్ రఘువీర్ చేతికిచ్చింది. అతను చూసి, దాన్ని ధర్మారావు ముందు పట్టుకున్నాడు. ధర్మారావు దాని వంక చూడలేదు. తల తిప్పి, కుర్చీ వెనక నిలబడ్డ భార్య వంక చూశాడు. బహుశా చాలా ఏళ్ల తర్వాత.

"ఉగాది అని ఎందుకన్నావు?" అన్నాడు చాలా నెమ్మదిగా.

"చాలా రోజులైందని చెప్పమన్నారుగా. చెప్పాను."

"మాస్టారూ," అంది గిరిజ. "టేపులో ఏముంది?"

ఆయన కుర్చీ పిడులు పట్టుకుని ముందుకు వంగాడు.  మాట మొదలయ్యాక ఆగలేదు.

"అబెల్ అయిదో రాత్రికి చెప్పేశాడు. ముగ్గురి పేర్లు. ఒకడు జైల్లో పోయాడు. 1975 వేసవిలో నా ముందు కూర్చుని ఏడుస్తూ తనే చెప్పాడు, ఇది కూడా రాయి అన్నాడు. నేను రాయలేదు. ఎలా రాస్తాను? దేశం అంతర్యుద్ధం అంచున ఉంది. ఉత్తరాన కమ్యూనిస్టు పార్టీ ఆఫీసులు తగలబెడుతున్నారు. ఒక్క మనిషైనా వంగకుండా నిలబడ్డాడని జనానికి కావాలి. తర్వాత రాద్దామనుకున్నాను. ఎనభై ఆరులో దేశం యూరప్ కూటమిలో చేరింది, పండగ చేసుకుంటున్నారు, రెండో ముద్రణ వచ్చింది. అప్పుడు బాగోదనిపించింది. 2011లో దేశం దివాలా అంచుకొస్తే అప్పులిచ్చినవాళ్లు పింఛన్లు కోయించారు. కుర్రాళ్లు అబెల్ బొమ్మ పట్టుకుని వీధుల్లోకొచ్చారు. ఆ బొమ్మ నేను గీసింది గిరిజా! అప్పుడెలా చెప్తాను? ప్రతి ముద్రణకీ నిజం ఇంకాస్త బరువెక్కింది."

"ఆ బరువు తీసుకెళ్లి జగిత్యాల పిల్ల నెత్తిన పెట్టారు."

"చిన్నపిల్ల. వెనక్కి వెళ్లినా ఏదో ఉద్యోగం..."

"లైటర్ పట్టించినవాడికి జరిమానాలో వాటా అన్నారు. ఆ పిల్లని పట్టించినందుకు మీ వాటా ఎంత మాస్టారూ? నాలుగో ముద్రణా?"

ధర్మారావు కళ్లు మూసుకున్నాడు. ఆయన సంతకం చేసిచ్చిన ప్రతి ఒకటి గిరిజ ఇంట్లో, మంచం పక్క బల్ల మీద ఉంది. 'నిజాన్ని వెతికే గిరిజకి' అని రాసిచ్చాడు. ఇంటికెళ్లాక దాన్ని ఏం చేయాలో ఆమెకి తెలియలేదు. చింపడానికి చేతులు రావు. పుస్తకం కదా.

రఘువీర్ గొంతు సవరించుకున్నాడు. "ఒకటి తేలలేదు మేడమ్. మాకు ఫోన్ చేసింది ఆడమనిషి."

గిరిజ తల తిప్పేలోపే సీతమ్మ పటాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంది. గాజు మీద పడ్డ శనగపిండి మరకని కొంగుతో తుడిచింది.

"నేనే," అంది. "ఆయన కాగితం మీద ఇంగ్లీషులో రాసిచ్చారు, చూసి చదివాను. ఆ పిల్ల గదిలో అగరొత్తి వెలిగిస్తుంది, కాగితాలు అంటుకున్నాయి. అంతే రాసిచ్చారు."

"అంతేనా?" రఘువీర్ తన ఫోన్‌లో రిపోర్ట్ తెరిచాడు. "మరి సరస్వతి పటం, పూలదండ..."

"అవి ఆయన రాయలేదు బాబూ. ముందురోజు సాయంత్రం దీపం పెడదామని వెళ్తే ఈ తల్లి నా అరలో కూర్చుని ఉంది. పెరట్లో ఇంకా పొగ తగ్గలేదు. ఎలా వచ్చిందో ఆయన్ని అడగలేదు. యాభై ఏళ్లలో ఏదీ అడగలేదు. ఫోన్‌లో పటం ముందు వెలిగిస్తుందని మాత్రం నా సొంతంగా కలిపాను." ఆమె పటాన్ని ఛాతీకి ఆనించుకుంది. "పటం అంటే ఎవరో ఒకరు గోడ వంక చూస్తారనుకున్నాను. మూడు వారాలు ఎదురుచూశాను. ఎవరూ చూడలేదు. అందుకే గిరిజని పెట్టమన్నాను."